గర్భిణికి కడుపు నొప్పి: గ్యాస్ ఏది, ప్రమాదం ఏది? పుదుచ్చేరిలో ఉన్న తెలుగువారు తెలుసుకోవాల్సిన సంగతులు

తెలుగులో కడుపు అంటే పొట్ట. కడుపు అంటే గర్భం కూడా. 'ఆమె కడుపుతో ఉంది' అంటే ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కానీ ఆమే 'కడుపులో నొప్పిగా ఉంది' అంటే మాత్రం, అది తిన్నది అరగక వచ్చిందో, గర్భసంచికి సంబంధించిందో ఆ మాటను బట్టి తెలియదు.

పుదుచ్చేరిలో ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది. తమిళంలో పొట్టను 'వయిరు' అంటారు. 'కడుప్పు' అనే మాట కూడా ఉంది కానీ, దాని అర్థం వేరు. అది సలుపు, మంట లాంటి బాధ. 'నీర్ కడుప్పు' అంటే మూత్రంలో మంట. 'వయిత్తు కడుప్పు' అంటే జిగట విరేచనాలు. తెలుగు గర్భిణి నొప్పితో 'కడుపు, కడుపు' అంటుంటే, వినే తమిళ చెవికి అది వేరే జబ్బులా తోచే వీలుంది.

పుదుచ్చేరి పట్టణంలో తెలుగువారు తక్కువేమీ కాదు. కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు జిల్లాల్లో ఒకటైన యానాం గోదావరి ఒడ్డున, ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తెలుగు ఊరు. అక్కడి నుంచి ఉద్యోగాల కోసం, చదువుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. తరాల క్రితమే వచ్చి ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడేవారూ ఉన్నారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యం కోసం జిప్‌మర్‌కు వచ్చేవారు సరేసరి.

గర్భంతో ఉన్నప్పుడు కడుపులో ఏదో ఒక రకమైన ఇబ్బంది దాదాపు అందరికీ వస్తుంది. అందులో ఎక్కువ భాగం దానంతట అదే తగ్గిపోయేదే. ఇంట్లో పెద్దవాళ్లు దానికి నాలుగైదు పేర్లు పెడతారు: నెలసరి నొప్పిలాంటిదే, వేడి చేసింది, గ్యాస్, దొంగ నొప్పులు. చాలాసార్లు వాళ్లు చెప్పింది సరిగ్గానే ఉంటుంది. కానీ ఈ పేర్లలో ప్రతిదాని వెనకా ఒక ప్రమాదం దాగి ఉండే అవకాశం ఉంది. ఏ లక్షణం తోడైతే ఇంటి మాటను పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందుగా, భయం అక్కర్లేనివి

గర్భం వచ్చాక ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గర్భసంచి కండరాలు బిగుసుకోకుండా చూడటం దాని పనుల్లో ఒకటి. అదే హార్మోన్ పేగుల కదలికను కూడా మందగింపజేస్తుంది. తిన్నది నెమ్మదిగా కదులుతుంది, గ్యాస్ పడుతుంది, మలబద్ధకం వస్తుంది. అన్నవాహిక కింద బిగువుగా ఉండాల్సిన కండరం సడలి పులితేన్పులు, గుండెల్లో మంట మొదలవుతాయి. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి పొట్టను నొక్కుతుంది కాబట్టి ఇవి ఎక్కువవుతాయి.

దీనికి ఐరన్ మాత్రలు తోడవుతాయి. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర కనీసం 180 రోజులు ఇస్తారు. ఐరన్‌తో కొందరికి కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా, గట్టిగా వస్తుంది, పొత్తికడుపు పట్టేసినట్టు ఉంటుంది. దాంతో చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 నాటి లెక్క ప్రకారం, దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పులో రక్తం పోయినప్పుడు తట్టుకునే శక్తి ఈ మాత్రల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకే మానేయడం కన్నా వేళ మార్చుకోవడం మేలు. రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే కొందరికి ఇబ్బంది తగ్గుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇక్కడ ఫిల్టర్ కాఫీ లేకుండా పొద్దు గడవదు కానీ, కాఫీ, టీలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. ఏం చేసినా పడకపోతే వేరే రకం ఐరన్ ఇవ్వమని డాక్టర్‌ను అడగవచ్చు.

ఇక నాలుగో నెల దాటాక వచ్చే ఒక నొప్పి చాలామందిని బెంబేలెత్తిస్తుంది. మంచం మీద పక్కకు తిరిగినప్పుడో, గబుక్కున లేచినప్పుడో, దగ్గినప్పుడో గజ్జ దగ్గర సూదితో పొడిచినట్టు కలుక్కుమంటుంది. ఎక్కువగా కుడివైపు. కొన్ని సెకన్లలో పోతుంది. గర్భసంచికి రెండువైపులా తాళ్లలా ఉండే రౌండ్ లిగమెంట్లు సాగడం వల్ల వచ్చేదిది. నెమ్మదిగా లేవడం, పక్కకు తిరిగేటప్పుడు మోకాళ్లు ముడుచుకోవడం తప్ప దీనికి వైద్యం అక్కర్లేదు. ఒక్క గుర్తు: కదిలితే వచ్చి, కదలకుండా ఉంటే పోవాలి. కదలకపోయినా అలాగే ఉండిపోతే అది ఈ నొప్పి కాదు.

'నెలసరి నొప్పిలాగే ఉంది'

మొదటి రెండు మూడు నెలల్లో పొత్తికడుపులో సన్నగా గుంజినట్టు ఉండటం మామూలే. పిండం అతుక్కోవడం, గర్భసంచి పెరగడం మొదలయ్యే కాలమది. అయితే గర్భస్రావం కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే జరుగుతుంది. నొప్పి అలలు అలలుగా పెరుగుతూ, రక్తం కనిపిస్తే స్కానింగ్ చేయించుకోవాలి. రక్తం కనబడినంత మాత్రాన గర్భం పోయినట్టు కాదు. అలా కనబడినవారిలో చాలామందికి గర్భం నిలబడుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైంది ఎక్టోపిక్, అంటే గర్భసంచి బయట నిలిచిన గర్భం. ప్రతి 100 గర్భాల్లో ఒకటి రెండు ఇలాంటివి ఉంటాయి. వీటిలో నూటికి 90కి పైగా ఫాలోపియన్ ట్యూబులోనే పెరుగుతాయి. ఆ సన్నటి గొట్టం పిండాన్ని మోయలేదు. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఆరు, ఎనిమిది వారాల మధ్య నొప్పి తెలియడం మొదలవుతుంది. ట్యూబు పగిలితే పొట్ట లోపలే రక్తం పోతుంది, బయటికి చుక్క కూడా కనిపించకపోవచ్చు. ఒక వైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం దీని గుర్తులు. మరొకటి ఎవరూ ఊహించనిది, భుజం కొసన నొప్పి. లోపల చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను రేపితే, ఆ నరాల దారిలో నొప్పి భుజంలో తెలుస్తుంది. పొత్తికడుపు నొప్పితో పాటు భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది నిమిషాల మీద నడిచే అత్యవసర పరిస్థితి.

తెలుగు కుటుంబాలు ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆ ఆపరేషన్ విఫలం కావడం చాలా అరుదు. కానీ అరుదుగా విఫలమై గర్భం వస్తే, అది ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కన్నా చాలా ఎక్కువ. 'ఆపరేషన్ అయిపోయిందిగా, గర్భం ఎక్కడిది' అనుకుని ఎవరూ పరీక్ష చేయించరు. నెలసరి తప్పి, ఒకవైపు నొప్పి వస్తే, ఆపరేషన్ అయినా సరే, ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించాలి.

స్కానింగ్ లేకుండా మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రలు కొని వేసుకునేవారి సంగతీ ఇలాంటిదే. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తీయలేవు. నొప్పి వస్తుంది, రక్తం పోతుంది. అది మాత్రల ప్రభావమే అనుకుని ఇంట్లో ఉండిపోతారు. లోపల ట్యూబు పగిలేదాకా తెలియదు.

'వేడి చేసింది'

ఈ మాట తమిళంలోనూ ఉంది. అక్కడ 'సూడు'. పుదుచ్చేరి ఏప్రిల్, మే ఎండల్లో మూత్రం మండితే తెలుగింట్లో 'వేడి', తమిళింట్లో 'సూడు' అంటారు. వైద్యం కూడా ఒకటే. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు. నీళ్లు తక్కువ తాగి మూత్రం చిక్కబడి మండినప్పుడు ఇవి పనిచేస్తాయి.

కానీ గర్భంలో మూత్రం మంటను ఎప్పుడూ వేడి మీదికి నెట్టేయకూడదు. హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం నిలవ ఉంటుంది, క్రిములు పైకి పాకుతాయి. నూటికి రెండు నుంచి పదిమంది గర్భిణులకు మూత్రంలో ఏ లక్షణమూ లేకుండానే ఇన్ఫెక్షన్ ఉంటుంది. మొదటి చెకప్‌లో యూరిన్ టెస్ట్ రాసేది అందుకే. వైద్యం చేయకపోతే అది మూత్రపిండాల దాకా వెళ్లగలదు. అప్పుడు చలితో జ్వరం, డొక్కలో లేదా నడుము పైన ఒకవైపు నొప్పి, వాంతులు వస్తాయి. ఆ దశలో ఆసుపత్రిలో చేరి నరం ద్వారా యాంటీబయాటిక్స్ తీసుకోవాలి. నెలలు నిండకుండానే కాన్పు నొప్పులు మొదలయ్యే ముప్పు కూడా ఉంది.

చలిజ్వరం ఉంటే అది వేడి కాదు. మజ్జిగ తాగుతూ ఎదురుచూడకూడదు. పాత చీటీలో ఉన్న యాంటీబయాటిక్ మళ్లీ కొనుక్కోవడమూ సరికాదు. గర్భంలో వాడదగినవి వేరు, వాడకూడనివి వేరు.

'గ్యాసే అయ్యుంటుంది'

నా అభిప్రాయంలో, ఈ అన్నింటిలో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఎందుకంటే నూటికి తొంభైసార్లు అది నిజం.

అయిదో నెల దాటాక, అంటే 20 వారాల తర్వాత, పై కడుపులో రొమ్ము ఎముక కిందో, కుడి పక్కటెముకల కిందో నొప్పి వస్తే, దాన్ని గ్యాస్ అని తేల్చేముందు బీపీ చూడాలి. ప్రీఎక్లాంప్సియా అనే సమస్యలో బీపీ 140/90కి చేరుతుంది లేదా దాటుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. ఆ కాలేయం వాచి దాని పొర సాగినప్పుడు వచ్చే నొప్పి అచ్చం గ్యాస్ నొప్పిలాగే ఉంటుంది. యాంటాసిడ్ తాగితే తగ్గదు. ప్రపంచవ్యాప్తంగా నూటికి రెండు నుంచి ఎనిమిది మంది గర్భిణులకు ఇది వస్తుంది. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, ముఖమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బడం తోడైతే ఫిట్స్ వచ్చే దశకు దగ్గరపడుతున్నట్టు అనుకోవాలి. కాళ్ల వాపు మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు, అది చాలామందికి ఉంటుంది.

కాన్పు అయిపోయాక కూడా ఇది రావచ్చు. బాలింతకు పై కడుపు నొప్పి, తలనొప్పి వస్తే 'పథ్యం తప్పింది' అనేస్తారు. అప్పుడూ ముందు చూడాల్సింది బీపీయే. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే రెండు నిమిషాల పని.

గ్యాస్ పేరుతో దాక్కునే మరో రెండున్నాయి. గర్భంలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. నూనె పదార్థాలు తిన్న కాసేపటికి కుడివైపు పైన మొదలై వీపులోకి పాకే నొప్పి వాటి గుర్తు. రెండోది అపెండిసైటిస్. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతి, జ్వరం వస్తాయి. నెలలు నిండేకొద్దీ గర్భసంచి అపెండిక్స్‌ను పైకి నెడుతుంది కాబట్టి కొందరికి నొప్పి ఇంకాస్త పైన తెలుస్తుంది. గర్భంతో ఉంటే ఆపరేషన్ చేయకూడదన్న భయం ఇళ్లల్లో గట్టిగా ఉంది. నిజానికి అపెండిక్స్ పగిలిపోతేనే బిడ్డకు ముప్పు ఎక్కువ. సకాలంలో చేసే ఆపరేషన్ అంత ప్రమాదం కాదు.

'దొంగ నొప్పులు'

తెలుగులో 'నొప్పి' వేరు, 'నొప్పులు' వేరు. ఏకవచనంలో అది జబ్బు, బహువచనంలో కాన్పు. తమిళంలో ఇలాంటి తేడా మరో రకంగా ఉంటుంది. పెద్దవాళ్లు కాన్పు నొప్పిని తరచూ 'ఇడుప్పు వలి' అంటారు. ఇడుప్పు అంటే నడుము. వాళ్ల మాటలోనూ పట్టుకోదగ్గ విషయం ఉంది. అసలు నొప్పులు చాలామందికి నడుములో మొదలై ముందుకు చుట్టుకుని వస్తాయి.

దొంగ నొప్పులు, తమిళంలో 'పొయ్ వలి', వైద్యంలో బ్రాక్స్‌టన్ హిక్స్. 1872లో వీటిని వివరించిన ఇంగ్లండు డాక్టర్ జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ పేరే పెట్టారు. పొట్ట బంతిలా బిగుసుకుని, కాసేపటికి వదులవుతుంది. వేళాపాళా ఉండదు. నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకుంటే సద్దుమణుగుతాయి. అసలు నొప్పులు అలా కాదు. ఎడం తగ్గుతూ, బలం పెరుగుతూ వస్తాయి. పడుకున్నా నడిచినా ఆగవు.

తొమ్మిదో నెల నిండాక వీటిని పొరబడినా పెద్ద నష్టం లేదు. ఆసుపత్రికి వెళ్లి తిరిగొస్తారు, అంతే. 37 వారాలు నిండకముందు పొరబడితేనే చిక్కు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన దేశంలో 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు కాన్పు ముప్పు ఉన్నవారికి ఇస్తున్నారు. అవి పూర్తిగా పనిచేయడానికి కనీసం ఒక రోజు కావాలి. ఇంట్లో దొంగ నొప్పులనుకుని గడిపిన రాత్రి ఆ ఒక్క రోజే అయ్యే ప్రమాదముంది. గంటలో నాలుగుసార్లకు మించి పొట్ట బిగిస్తున్నా, నీళ్లలాంటిది కారుతున్నా, నడుము ఆగకుండా నొస్తున్నా ఏడో నెలలో ఆగకూడదు.

సీమంతమో, వళైకాప్పో అయ్యాక పుట్టింటికి ప్రయాణం కట్టేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. పుదుచ్చేరి నుంచి కాకినాడ వైపు వెళ్లే గర్భిణి కేసు కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు అన్నీ ఒక సంచిలో, సామాన్ల పెట్టెలో కాకుండా చేతి దగ్గరే పెట్టుకోవాలి.

నొప్పి వచ్చి పోకుండా అలాగే నిలిచిపోయి, పొట్ట రాయిలా గట్టిపడితే అది వేరే సంగతి. మాయ గర్భసంచి గోడ నుంచి ముందే ఊడిపోవడాన్ని అబ్రప్షన్ అంటారు. బీపీ ఎక్కువ ఉన్నవారికి, పొట్టకు దెబ్బ తగిలినవారికి దీని ముప్పు ఎక్కువ. రక్తం బయటికి రావచ్చు, మాయ వెనకే చిక్కుకుని అసలు కనిపించకపోనూవచ్చు. కాబట్టి రక్తాన్ని చూసి తీవ్రతను అంచనా వేయకూడదు. దీనికి విరుద్ధంగా మాయ కిందికి ఉన్నవారికి, ప్లాసెంటా ప్రీవియా అన్నవారికి, నొప్పే లేకుండా ఎర్రటి రక్తం పోతుంది. నొప్పి లేదు కదా అని వాళ్లు ఇంట్లో ఉండిపోకూడదు.

మొదటి కాన్పు సిజేరియన్ అయినవారు పాత కుట్టు దగ్గర కొత్తగా నొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలి. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించేవారిలో సుమారు 200 మందిలో ఒకరికి ఆ కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అంటే రెండో కాన్పుకు వచ్చే తెలుగు మహిళల్లో ఈ మాట వర్తించేవారు ఎందరో.

మాత్ర వేసుకోవచ్చా?

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. డాక్టర్ ప్రీఎక్లాంప్సియా రాకుండా రాసిన తక్కువ డోసు ఆస్పిరిన్ మాత్రం ఆ హెచ్చరిక కిందికి రాదు, దాన్ని భయపడి ఆపకూడదు. నొప్పికి సాధారణంగా ఇచ్చేది పారాసిటమాల్. అయినా అది నొప్పిని కప్పుతుంది కానీ కారణాన్ని కాదు. రెండో డోసు అవసరమైందంటే డాక్టర్‌ను అడగాల్సిందే. మలబద్ధకానికి ఆముదం తాగించే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. అది పేగులతో పాటు గర్భసంచిని కూడా కదిలించగలదు, వద్దు.

పుదుచ్చేరిలో ఎక్కడికి వెళ్లాలి, ఏమని చెప్పాలి?

పట్టణంలో గర్భిణుల కోసం ఎల్లైపిళ్లైచావడిలో రాజీవ్‌గాంధీ ప్రభుత్వ మహిళా శిశు ఆసుపత్రి ఉంది. గోరిమేడులోని జిప్‌మర్‌లో ప్రత్యేక మహిళా శిశు విభాగం ఉంది. 108 అంబులెన్స్ ఇక్కడా పనిచేస్తుంది. అత్యవసరమైతే ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడక్కర్లేదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అత్యవసరం కాని ఇబ్బందులకు, ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నాలుగో నెల దాటినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఇది నడుస్తోంది.

డాక్టర్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. గేటు దగ్గర, వార్డులో, అంబులెన్స్‌లో తమిళమే పనికొస్తుంది. తెలుగు తెలిసిన నర్సు ఆ వేళకు దొరుకుతారని చెప్పలేం. ఈ కొన్ని మాటలు ఫోనులో రాసిపెట్టుకుంటే చాలు. పొత్తికడుపు నొప్పికి 'అడి వయిరు వలిక్కుదు', పై కడుపు నొప్పికి 'మేల్ వయిరు వలిక్కుదు'. కుడివైపు అయితే 'వలదు పక్కం', ఎడమ అయితే 'ఇడదు పక్కం'. వచ్చి పోతుంటే 'విట్టు విట్టు వలిక్కుదు'. రక్తం పోతుంటే 'రత్తం పోగుదు'. ఉమ్మనీరు పోతే 'పనికుడం ఒడంజిడుచ్చు'. కళ్లు మసకబారితే 'కణ్ మంగలా తెరియుదు', తల తిరుగుతుంటే 'తలై సుత్తుదు'. బిడ్డ కదలికలు తెలియకపోతే 'కొళందై అసైవు తెరియల'. ఏడో నెల దాటాక కదలికలు తగ్గాయనిపిస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా ఆ రోజే చూపించుకోవాలి.

ఎన్నో వారం అని అడిగితే కష్టపడక్కర్లేదు. 'వారం' రెండు భాషల్లోనూ వారమే.

వారాల లెక్క, బ్లడ్ గ్రూపు, చివరిగా చూసిన బీపీ తల్లీబిడ్డల కార్డులో రాసి ఉంటాయి. బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయినవారు రక్తం కనబడినా, పొట్టకు దెబ్బ తగిలినా ఆ మాట ముందే చెప్పాలి. భర్త గ్రూపు పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు, దాన్ని సాధారణంగా 72 గంటల లోపు ఇవ్వాలి.